ఎడమ చక్రం, కింది పిన్ను: ఇంటి ముందు స్విఫ్ట్ బ్రేకులు విప్పిన కేసు

అక్కావాళ్లు అరకు నుంచి దిగి వస్తుంటే ఘాట్‌లోంచే బావగారు ఫోన్ చేశారు. "బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణికిపోతోంది. ఎడమ పక్క నుంచి గరగరమని సౌండు. కాలిన వాసన కూడా వస్తోంది. ఇంటిదాకా రావొచ్చా?" అని అడిగారు.

"పెడల్ గట్టిగా ఉందా, మెత్తగా కిందికి దిగిపోతోందా?" అన్నాను. గట్టిగానే ఉందన్నారు. మెత్తగా ఉందని చెప్పి ఉంటే అక్కడే ఆపేసి టోయింగ్ బండిని పిలవమనేవాణ్ని, ఇంకో మాట ఉండేది కాదు. గట్టిగా ఉంది కాబట్టి పక్కన ఆపి అరగంట చల్లారనివ్వమన్నాను, వేడి చక్రం మీద నీళ్లు పొయ్యొద్దన్నాను, తర్వాత రెండో గేరులో ఇంజన్ బ్రేకింగ్ మీద దిగమన్నాను. రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటికి చేరారు. నాకు అప్పటిదాకా టెన్షనే.

బండి 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్, 96,000 కిలోమీటర్లు తిరిగింది. అక్కావాళ్ల ఇల్లు విశాఖలో పెదవాల్తేరు, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరం. బండి ఏడాది పొడుగునా వీధిలోనే, ఉప్పుగాలిలో నిలబడుతుంది. ముందు బ్రేకు ప్యాడ్లు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కుని రెండు వైపులా నొక్కి పట్టే ముక్కలు, 14 నెలల క్రితమే ఒక షెడ్డులో మార్పించారు. ఆ తర్వాత తిరిగింది 18,000 కిలోమీటర్లు మాత్రమే. ఊళ్లో, హైవే మీద కలిపి తిరిగే ఇలాంటి బండికి ముందు ప్యాడ్లు మామూలుగా దానికి రెట్టింపు పైనే రావాలి. సగం ఆయుష్షు కూడా రాలేదంటే తప్పు ప్యాడ్లది అయి ఉండదని నాకు అప్పుడే అనిపించింది.

నేను పన్నెండేళ్లు గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేసి, ఇప్పుడు ఎక్కువగా ఇళ్ల దగ్గరికి వెళ్లి పని చేస్తున్నాను. ముందు ప్యాడ్లు, డిస్కులు మార్చడం ఇంటి ముందు చేసుకోదగ్గ పనే. కానీ ఈ పనిలో పాతది తీసి కొత్తది బిగించడం పావు వంతు మాత్రమే. పాతది ఎందుకు అలా అరిగిందో పట్టుకోవడం, కొత్తది కూర్చునే చోటు శుభ్రం చేయడం మిగతా ముప్పావు. ఆ ముప్పావు వదిలేస్తే ఏమవుతుందో ఈ బండి చూపించింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

విప్పక ముందు చూసినవి

మర్నాడు సాయంత్రం బండిని ఆరు కిలోమీటర్లు మామూలుగా నడిపాను. బ్రేకు వేసినప్పుడల్లా బండి కొద్దిగా కుడికి లాగుతోంది. అంటే ఎడమ బ్రేకు తన వంతు పట్టడం లేదు. ఆపగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండు డిస్కులూ చూశాను. కుడిది 95 డిగ్రీలు, ఎడమది 168. పట్టాల్సినప్పుడు సరిగా పట్టనిది, వదలాల్సినప్పుడు వదలడం కూడా లేదన్నమాట. ఈ రెండూ ఒకే చక్రంలో కనిపిస్తే నా అనుమానం ముందు కాలిపర్ (ప్యాడ్లని డిస్కు మీద నొక్కే భాగం) జారే పిన్నుల మీదికి వెళ్తుంది, ఆ తర్వాత పిస్టన్ మీదికి.

ఘాట్‌లోనే ఇది ఎందుకు బయటపడిందో బావగారికి లెక్క వేసి చూపించాను. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అంత ఎత్తు నుంచి విశాఖ ఒడ్డుకి దిగే బండి వదిలించుకోవాల్సిన శక్తి, అదే బండిని 60 కిలోమీటర్ల వేగం నుంచి అరవైకి పైగా సార్లు పూర్తిగా ఆపితే పుట్టే వేడితో సమానం. ఇందులో కొంత గాలి తీసుకుంటుంది, గేరు తగ్గించి దిగితే ఇంజన్ చాలా తీసుకుంటుంది. న్యూట్రల్‌లోనో నాలుగో గేరులోనో దిగితే మిగిలిందంతా బ్రేకుల నెత్తిన పడుతుంది, అందులోనూ పెద్ద వాటా ముందు రెండు డిస్కులది. ఊళ్లో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి తిరిగేటప్పుడు ఓర్చుకున్న లోపం అక్కడ ఓర్చుకోలేదు.

ఆదివారం పొద్దున్న పని పెట్టుకున్నాం. పాలిటెక్నిక్ రెండో ఏడాది చదువుతున్న మేనల్లుడు సాయానికి వచ్చాడు.

బండి ఎత్తడం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకి రెండు పక్కలా చెక్క దుంగలు పెట్టాం. నట్లు నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేశాం. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే. దాని మీద బండిని నిలబెట్టి చక్రం తీసి లోపల చేతులు పెట్టకూడదు. నేను బండి బరువు మోసే ఇనుప స్టాండ్లు వాడతాను. స్టాండ్లు లేనివాళ్లు సిమెంటు ఇటుకలు పేర్చడం నేను చాలా ఇళ్ల దగ్గర చూశాను. అవి ముందు చెప్పకుండా ఒక్కసారిగా పగిలిపోతాయి. స్టాండ్లు కొనే ఉద్దేశం లేకపోతే ఈ పని ఇంటి దగ్గర మొదలుపెట్టొద్దు. స్టాండ్ మీద దించాక కూడా ఊడదీసిన చక్రాన్ని బండి అంచు కిందికి పడుకోబెట్టి తోశాం. ఏదైనా జారినా బండి దాని మీద ఆగుతుంది.

సాకెట్ల సైజులు కారుని బట్టి మారతాయి. 12, 14, 17, 19 ఉంటే మన చిన్న కార్లలో చాలావాటికి సరిపోతాయి.

ప్యాడ్లు చెప్పిన సంగతి

చక్రం తీసి, కాలిపర్ కింది బోల్టు విప్పి పైకి లేపి ప్యాడ్లు బయటికి తీసి ఇంటి అరుగు మీద వరసగా పెట్టాను. ఏ చక్రం, లోపలిదా బయటిదా అని చాక్‌పీసుతో వెనక రాశాను. ఈ రాయడం మర్చిపోతే సగం సమాచారం పోతుంది.

కుడి చక్రం: లోపలి ప్యాడ్ 3.5 మిల్లీమీటర్లు, బయటిది 4. మామూలు అరుగుదలే, కాకపోతే మార్చే సమయం దగ్గరపడింది. ఎడమ చక్రం: బయటిది 6. లోపలిదాంట్లో మెటీరియల్ అసలు లేదు, ఇనుప ప్లేటే డిస్కుని గీకుతోంది. ఆ గరగర శబ్దం అదే. కీచుమని ముందే హెచ్చరించాల్సిన చిన్న ఇనుప రేకు కూడా అరిగి వంగిపోయింది. ఎన్నాళ్లుగానో అది కీచుమంటూనే ఉండి ఉంటుంది, అద్దాలు మూసి ఏసీ వేసుకుని తిరిగే బండిలో ఎవరికీ వినపడలేదు.

మేనల్లుడు అడిగాడు, "మావయ్యా, ఒకే చక్రంలో ఒకటి ఆరు, ఇంకొకటి సున్నా ఎలా ఉంటాయి?"

అదే అడగాల్సిన ప్రశ్న. ఈ రకం కాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే, లోపలి వైపు ఉంటుంది. పెడల్ తొక్కితే అది లోపలి ప్యాడ్‌ని డిస్కు మీదికి తోస్తుంది. తోసిన బలానికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ని అవతలి వైపు నుంచి లాగి నొక్కుతుంది. పిన్నులు హాయిగా జారితే రెండు ప్యాడ్లూ ఒకే బలంతో పట్టుకుంటాయి, ఒకేలా అరుగుతాయి. పిన్ను బిగుసుకుపోతే కాలిపర్ జరగదు, పనంతా లోపలి ప్యాడ్ మీద పడుతుంది. వదిలినప్పుడు కూడా కాలిపర్ తిరిగి సర్దుకోదు కాబట్టి ప్యాడ్ డిస్కుకి రాసుకుంటూనే ఉంటుంది. లోపలిది ఎక్కువగా అరిగి బయటిది మిగిలి ఉంటే, కొత్త ప్యాడ్లు కొనే ముందు పిన్నులు చూడాలి.

పై పిన్ను వేలితో లాగితే వచ్చింది. కింది పిన్ను రాలేదు. పిన్నుల్లో ఒకదానికి చివర రబ్బరు బుష్ ఉంటుంది, ఈ బండిలో అది కిందిది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగి, వైస్ గ్రిప్‌తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ లాగాం. ఇరవై నిమిషాలు పట్టింది. బయటికి వచ్చిన బుష్ నీళ్లలో నానిన సెనగగింజలా ఉబ్బి ఉంది. దాని చుట్టూ గోధుమరంగు గ్రీజు. వేలితో తీసి వాసన చూశాను. చక్రాల బేరింగులకి పెట్టే మామూలు గ్రీజే అది.

కారణం దొరికింది. బ్రేకుల్లో వాడే రబ్బరు మామూలు రబ్బరు కాదు. గ్లైకాల్‌తో చేసిన బ్రేక్ ఆయిల్‌కి తట్టుకునే జాతిది, దాన్ని ఈపీడీఎం అంటారు. దానికి పెట్రోలియం పడదు. పెట్రోలు, డీజిల్, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు ఏది తగిలినా పీల్చుకుని ఉబ్బుతుంది. మొదటి రోజు పిన్ను వెన్నలా జారుతుంది, పెట్టినవాడికి కూడా బాగానే చేశాననిపిస్తుంది. కొన్ని నెలలకి బుష్ రంధ్రమంతా నిండిపోయి పిన్నుని పట్టేస్తుంది. పిన్ను మొదలుని కప్పి ఉంచే రబ్బరు బూటు కూడా మెత్తబడి ఒకచోట చిరిగింది, అందులోంచి ఉప్పుగాలి, వాన నీళ్లు లోపలికి వెళ్లి పిన్ను మొదట్లో తుప్పు పట్టించాయి. 14 నెలల క్రితం ప్యాడ్లు మార్చినవాళ్లు పిన్నులకి గ్రీజు పెట్టారు. పెట్టాలనే ఆలోచన మంచిదే, డబ్బా తప్పు. ఇక్కడ వాడాల్సింది బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు. చిన్న సాషే దొరుకుతుంది, ఒక బండికి అది చాలు.

వాళ్లని తిట్టుకోవడం నాకు ఇష్టం లేదు. షెడ్డులో గ్రీజు డబ్బా ఒకటే ఉంటుంది, కుర్రాడు చేతికి అందింది తీస్తాడు, ఎందుకు వేరేది వాడాలో అతనికి ఎవరూ చెప్పి ఉండరు. నేను పనిలో చేరిన కొత్తలో నాకూ ఎవరూ చెప్పలేదు.

డిస్కు కొలవడం

డిస్కు మీదే, చాలావాటికి మధ్య టోపీ భాగం మీదో అంచు మీదో, ఎంతవరకు అరగొచ్చో అచ్చుపోసి ఉంటుంది. ఈ బండి డిస్కు మీద 18 అని ఉంది. కొత్తది 20 మిల్లీమీటర్లు. అంటే దాని జీవితమంతా ఆ రెండు మిల్లీమీటర్లే.

కొలిచేటప్పుడు చాలామంది మోసపోయే చోటు ఒకటి ఉంది. డిస్కు అంచు దగ్గర ప్యాడ్ తగలదు, అక్కడ గట్టు మిగులుతుంది. వెర్నియర్ (మందం కొలిచే స్కేలు) దవడలు ఆ గట్టు మీద కూర్చుంటే అరగని మందం చూపిస్తుంది, డిస్కు బాగుందనుకుంటాం. మైక్రోమీటర్ ఉంటే ఇబ్బంది లేదు. లేనివాళ్లకి ఒక ఉపాయం: రెండు నాణేలు తీసుకుని వాటి మందం కలిపి ముందు కొలిచి రాసుకోండి. డిస్కుకి ఇటొకటి అటొకటి పెట్టి, నాణేల మీదుగా వెర్నియర్ పట్టి కొలిచి, వాటి మందం తీసేయండి. చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలవాలి.

ఎడమ డిస్కు 17.3 వచ్చింది. ఒక వైపు గోరు ఆగేంత లోతుగా గీతలు. కుడిది 18.6.

"లేత్ మీద సాపు చేయిస్తే సరిపోదా?" అన్నారు బావగారు. గీతలు పోయేదాకా కోస్తే ఎడమది 17 కన్నా కిందికి వెళ్తుంది. పలచబడిన డిస్కు వేడిని దాచుకోలేదు, ఘాట్‌లో ఇంకా తొందరగా మండుతుంది, పగుళ్లు వస్తాయి. పిస్టన్ కూడా ఉండాల్సిన దానికన్నా బయటికి సాగుతుంది. ఆ ప్రశ్న అక్కడితో తీరింది. "అయితే ఎడమది ఒక్కటే మార్చు, కుడిది బాగుంది కదా" అన్నారు. కుడిది 18 హద్దు దాటలేదన్న మాట నిజమే. కానీ ఒక పక్క కొత్తది, ఒక పక్క ముప్పావు అరిగింది ఉంటే రెండూ ఒకేలా వేడెక్కవు, ఒకేలా పట్టవు. డిస్కులు, ప్యాడ్లు ఎప్పుడూ జతగానే మార్చాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను, బావగారి మాట కూడా. ఆయన నవ్వి సరే అన్నారు.

ఆటోనగర్‌లో రెండు డిస్కులు, ఒక సెట్టు ప్యాడ్లు, రెండు పక్కలకీ పిన్నుల కిట్టు, స్టీలు క్లిప్పులు, సిలికాన్ గ్రీజు, బ్రేక్ క్లీనర్, సీలు ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బా కొన్నాం. అన్నీ కలిపి 7,400 రూపాయలు అయింది. కొత్త డిస్కుని కూడా షాపులోనే వెర్నియర్ పెట్టి కొలిచాను. కొత్త పార్టు కొలవడం అనవసరం అనుకోకూడదు.

తీయడం, శుభ్రం చేయడం

కాలిపర్ పూర్తిగా విప్పాక దాన్ని బైండింగ్ వైరుతో స్ప్రింగుకి వేలాడగట్టాం. బ్రేక్ హోసు మీద వేలాడనిస్తే లోపల పొర చిట్లుతుంది, పైకి ఏమీ కనపడదు. తర్వాత కాలిపర్‌ని పట్టుకుని ఉండే బ్రాకెట్ బోల్టులు రెండూ. అవి బాగా బిగుసుకుని ఉంటాయి. పొడుగు రాడ్డు తొడిగి మెల్లగా, జెర్కు లేకుండా బరువు వేయాలి. బండి స్టాండ్ల మీద ఉందని గుర్తు పెట్టుకుని లాగాలి.

కుడి డిస్కు రబ్బరు సుత్తితో రెండు దెబ్బలకి ఊడింది. ఎడమది తుప్పుతో హబ్‌కి, అంటే డిస్కు, చక్రం బిగించే మధ్య దిమ్మకి, అతుక్కుపోయింది. ఇనుప సుత్తితో బాదితే బేరింగ్‌కి దెబ్బ. మారుతీ డిస్కుల్లో చాలావాటికి ఎదురెదురుగా రెండు మర రంధ్రాలు ఉంటాయి, చాలామంది వాటిని పట్టించుకోరు. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు ఎక్కించి, ఇది పావు చుట్టు అది పావు చుట్టు బిగిస్తూ పోతే, బోల్టు కొసలు హబ్‌ని తన్ని డిస్కుని బయటికి తోస్తాయి. నాలుగో విడతలో ఠంగుమని చప్పుడు చేసి ఊడివచ్చింది. మేనల్లుడి ముఖం వెలిగిపోయింది. వేరే కార్లలో ఇదే చోట నక్షత్రం గాడి స్క్రూలు ఉంటాయి. వాటిని మామూలు స్క్రూడ్రైవర్‌తో గీకి పాడుచేయకుండా, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడాలి.

బ్రేకు దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు. పాత ప్యాడ్లలో ఏ పదార్థం ఉందో చూసి చెప్పలేం, ఆస్బెస్టాస్ ఉండే అవకాశం కొట్టిపారేయలేం. మాస్కు పెట్టుకుని, క్లీనర్‌తో తడిపి, కింద ట్రే పెట్టి తుడిచాం.

ఇప్పుడు హబ్. డిస్కు వెనక వీపు ఆనించి కూర్చునేది దీని మీదే. ఉప్పుగాలికి అక్కడ పొరలు పొరలుగా తుప్పు. మేనల్లుడికి వైర్ బ్రష్, ఎమరీ పేపరు ఇచ్చి కూర్చోబెట్టాను. పావుగంట రుద్ది "అయింది మావయ్యా, మెరుస్తోంది" అన్నాడు. చూడ్డానికి నిజంగా బాగానే ఉంది. కొత్త డిస్కుని క్లీనర్‌తో రెండు వైపులా కడిగి, ఎందుకంటే తుప్పు పట్టకుండా దాని మీద నూనె పూత ఉంటుంది, హబ్ మీద పెట్టి, నట్లకి వాషర్లు వేసి సమంగా బిగించాం. మాగ్నెట్ స్టాండ్‌తో డయల్ గేజి (సన్నటి ఊగుడు కొలిచే ముల్లు మీటరు) పెట్టి, అంచుకి సుమారు ఒక సెంటీమీటరు లోపల ముల్లు ఆనించి డిస్కుని చేత్తో ఒక చుట్టు తిప్పాను. ముల్లు 0.11 మిల్లీమీటర్ల దాకా ఊగింది.

నేను పెట్టుకున్న హద్దు 0.05. డిస్కు కొత్తది, అయినా వంకరగా తిరుగుతోంది. మళ్లీ తీసి టార్చిలైటు వేసి చూశాం. ఒక స్టడ్డు (చక్రం నట్టు ఎక్కే మర కడ్డీ) మొదట్లో, బ్రష్ అందని మూలలో, చిటికెన వేలి గోరులో సగం కూడా లేని తుప్పు పెళ్ల. దాన్ని సన్నటి ఉలితో గీకి, స్టడ్ల చుట్టూ ఎమరీ పేపరు మడిచి నాలుగు వైపులా తిప్పి, గుడ్డతో తుడిచాం. మళ్లీ డిస్కు పెట్టి కొలిస్తే 0.03.

ఈ ఒక్క పెళ్ల వల్ల ఏమయ్యేదో చెప్తాను, ఎందుకంటే "డిస్కు బెండు అయింది" అని అందరం అనేమాట వెనక ఎక్కువసార్లు ఉన్నది ఇదే. వంకరగా కూర్చున్న డిస్కు ప్రతి చుట్టులో ఒకచోట ప్యాడ్‌కి రాసుకుంటుంది, బ్రేకు తొక్కకపోయినా సరే. మొదటి నెలలో ఏమీ తెలియదు. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఆ చోట డిస్కు కొద్దిగా పలచబడుతుంది, లేదా ప్యాడ్ మెటీరియల్ అక్కడ అంటుకుని కొద్దిగా మందమవుతుంది. మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా వచ్చినా స్టీరింగ్‌లో వణుకు మొదలవుతుంది. అప్పుడు కస్టమరు వచ్చి "మీరు వేసిన డిస్కు నాసిరకం" అంటాడు. డిస్కు మంచిదే, కూర్చోబెట్టిన చోటే బాగాలేదు. డయల్ గేజి లేనివాళ్లు కనీసం ఆ అరగంట హబ్ మీద పెట్టండి, స్టడ్ల మొదళ్లు వేలితో తడిమి చూడండి.

బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు కూర్చునే గాళ్లు కూడా అంతే. స్టీలు క్లిప్పు పీకితే దాని కింద తుప్పు పొంగి ఉంటుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి క్లిప్పుని లోపలికి నెట్టి ప్యాడ్‌ని బిగబట్టేస్తుంది. సన్నటి ఆకురాయితో తుప్పు మాత్రమే పోయేలా రుద్ది, కొత్త క్లిప్పులు పెట్టాం. ప్యాడ్ వేలితో తోస్తే జారాలి, సుత్తితో కొట్టి ఎక్కించే పరిస్థితి ఉండకూడదు.

తిరిగి బిగించడం

పిస్టన్ వెనక్కి తోసే ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ మట్టం చూడాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం తగ్గుతుంది, మధ్యలో ఎవరో నింపి ఉంటారు. ఇప్పుడు పిస్టన్ తోస్తే అదంతా పైకి పొంగి పెయింటు మీద పడుతుంది, పెయింటుని తినేస్తుంది. సిరంజితో కొంత తీసేశాం. ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది.

పాత ప్యాడ్ ఒకటి పిస్టన్ మీద అడ్డం పెట్టి సీ క్లాంపుతో మెల్లగా నొక్కాను. రెండు పక్కలా నిదానంగా, ఒకే బలంతో వెళ్లింది. పిస్టన్‌లోకి దుమ్ము పోకుండా ఉండే రబ్బరు చిరగలేదు, తడి లేదు. కాబట్టి పిస్టన్ల మీద అనుమానం పోయింది. పిస్టన్ కదలకపోయినా, చుట్టూ తడి ఉన్నా, హోసు మీద పగుళ్లు ఉన్నా అక్కడితో ఆపి వర్క్‌షాపుకి తీసుకెళ్లాలి. వెనక కూడా డిస్కులున్న కార్లలో హ్యాండ్ బ్రేకు కాలిపర్‌లోనే ఉంటే పిస్టన్‌ని ఇలా నొక్కకూడదు, చాలావాటికి తిప్పుతూ లోపలికి పంపాలి. ముందు చక్రాల పద్ధతిని వెనక వాడి కాలిపర్ పాడుచేసుకున్న కేసులు రెండు నా దగ్గరికే వచ్చాయి.

పిన్నుల రంధ్రాల్లో పాత గ్రీజు ఒక్క చుక్క కూడా మిగలకూడదు. సన్నటి కడ్డీకి గుడ్డ చుట్టి, క్లీనర్‌లో ముంచి, తెల్లగా వచ్చేదాకా తుడిచాం. కుడి పక్క పిన్నులు ఇంకా జారుతున్నాయి కానీ అక్కడా అదే గోధుమరంగు గ్రీజు ఉంది కాబట్టి వాటినీ మార్చాం. సిలికాన్ గ్రీజు పలచగా, పిన్నంతా తడి మెరిసేంత చాలు. ఎక్కువ పెడితే గాలి పోవడానికి దారి లేక పిన్ను వెనక్కి తంతుంది. రబ్బరు బుష్ ఉన్న పిన్ను ఏ రంధ్రంలోంచి వచ్చిందో అందులోకే వెళ్లాలి. బూటు అంచు గాడిలో కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూడాలి.

ప్యాడ్ ముఖానికి గ్రీజు వేలు తగలనివ్వొద్దు. కీచుమనే రేకు ఉన్న ప్యాడ్ లోపలికి వెళ్తుంది, పాతది ఎటు ఉందో ముందే ఫోటో తీసుకుంటే గందరగోళం ఉండదు. బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తోనే బిగించాను. చక్రం నట్లకి చిన్న కార్లలో మామూలుగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుకి ఎంతో ఓనర్ మాన్యువల్‌లో చూసుకోండి. నక్షత్రం ఆకారంలో, ఎదురెదురుగా బిగించాలి. కాలితో తొక్కి బిగించిన నట్లు కూడా డిస్కుని వంకర చేస్తాయి, హబ్ దగ్గర పడ్డ కష్టమంతా వృథా అవుతుంది.

చక్రాలు దించగానే మేనల్లుడు తాళాలు తీసుకుని "ఒక రౌండు వేసొస్తా" అన్నాడు. ఆపాను. ముందు కూర్చుని పెడల్ తొక్కమన్నాను. పెడల్ నేలకి ఆనింది. వాడు తెల్లబోయాడు. పిస్టన్లు వెనక్కి తోశాం కదా, ప్యాడ్‌కి పిస్టన్‌కి మధ్య ఖాళీ ఉంది. మళ్లీ మళ్లీ తొక్కితే నాలుగోసారికి గట్టిపడింది. అది చేయకుండా బండి కదిలించి ఉంటే, వీధి చివర మొదటి మలుపులో బ్రేకు ఉండేది కాదు. తర్వాత ఆయిల్ మట్టం చూసి, క్యాప్ మీద రాసిన రకమే పోసి సరిచేశాం.

అదే వారంలో ఆయిల్ కూడా పూర్తిగా మార్చాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. డాట్ 3 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. ఎడమ డిస్కు మామూలు వీధుల్లోనే 168 చూపించింది. డిస్కు వేడంతా ఆయిల్‌కి చేరదు, నిజమే, కానీ ఘాట్‌లో ఆ డిస్కు ఎంత వేడెక్కి ఉంటుందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. వెనక సీట్లో అక్క, పిల్లలు ఉన్నారు.

ప్యాడ్లని డిస్కులకి అలవాటు చేయడం

మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకి రుషికొండ దాటి భీమిలి వైపు బీచ్ రోడ్డు మీదికి వెళ్లాం. వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 నుంచి 15 దాకా మధ్యస్థంగా బ్రేకు వేయడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవడం, మధ్యలో అర కిలోమీటరు గాలి తగలనివ్వడం. ఇలా పదిసార్లు. దీనివల్ల ప్యాడ్ మెటీరియల్ పలచటి పొరలా డిస్కు అంతటా సమంగా పరుచుకుంటుంది. వేడి మీద బండిని ఆపి పెడల్ నొక్కి ఉంచితే ప్యాడ్ ఉన్నచోటే ముద్ర పడుతుంది. ఆరో బ్రేకుకి కొద్దిగా వాసన వచ్చింది, అది మామూలే, ఎనిమిదో దానికి పట్టు బాగా తెలిసింది. చివర పది నిమిషాలు బ్రేకు వాడకుండా నిదానంగా నడిపి చల్లార్చాం. ఇంటికి వచ్చి థర్మామీటరు పెడితే ఎడమ 71, కుడి 69.

రెండు చక్రాలకీ కలిపి ఐదున్నర గంటలు పట్టింది. షెడ్డులో ఇదే పని గంటన్నరలో అయిపోతుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం హబ్‌ల మీద, పిన్నుల మీద పోయింది.

నాలుగు నెలల తర్వాత, 6,000 కిలోమీటర్లకి, చక్రాలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చే పని ఉంటే మళ్లీ కొలిచాను. కొత్తగా పెట్టినప్పుడు ప్యాడ్లు 10 మిల్లీమీటర్లు. ఎడమ లోపలిది ఇప్పుడు 8.9, బయటిది 9. కుడి రెండూ 9. కింది పిన్ను ఈసారి మేనల్లుడు లాగాడు. రెండు వేళ్లతో వచ్చింది.